మేకపోతు టూర్ డైరీ

ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటికి రాజమండ్రి శివారులో ఒక ఇడ్లీ హోటలు ముందు మా పాత బళ్ళ మిత్రమండలి సమావేశమవుతుంది. అందరం మోటారు సైకిళ్ళు వరసగా నిలబెడతాం. నిలబెట్టి వాటి చుట్టూ తిరుగుతాం. ఒకరి బండిని ఇంకొకరు ఫోటో తీస్తారు. తర్వాత ఇడ్లీ తింటాం. ఇక బండి నడపడం అంటారా, ఇంటినుంచి హోటలుకి, హోటలునుంచి మెకానిక్కు దగ్గరికి నడుపుతాం. కొండలూ వాగులూ దాటడానికి చేసిన బళ్ళు కాబట్టి స్పీడు బ్రేకర్ల దగ్గర మాత్రం కొంచెం గర్వపడతాం.

మండలిలో తక్కినవాళ్ళు ముప్ఫై, నలభై ఏళ్ళ గడ్డాలవాళ్ళు. నాకు డెబ్బై నిండాయి. ఇలాంటి బండి మీద నిజంగా కొండలెక్కిన మనిషిని నేనొక్కణ్ణేనని వాళ్ళందరి నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళకి ఎలా కలిగిందంటే, నేను చెప్పాను.

నా పేరు పేర్రాజు. మలేరియా శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. డెబ్బై తొమ్మిదిలో నన్ను ఏజెన్సీలో కొత్తపాకలు అనే ఊరికి వేశారు. అప్పుడే ఏదో చలిదేశం వాళ్ళు మా శాఖకి దానమిచ్చిన కొండబళ్ళలో ఒకటి నా వాటాకి వచ్చింది. ముళ్ళ టైర్లు, గేదె వీపంత ఎత్తున సీటు, సీటు పక్కనుంచి పైకి పోయే సైలెన్సరు. మొదటి రోజే వాగులో ఆ బండి నా మీద పడి, సైలెన్సరుతో నా కుడి పిక్క కాల్చింది. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం. నేను దాన్ని కొండ ఎక్కించను, అది నన్ను కాల్చదు. క్వార్టర్సునుంచి ఆఫీసుకి, ఆఫీసునుంచి టీ కొట్టుకి తారు రోడ్డు మీద తిరిగేవాళ్ళం. దానికి మేకపోతు అని నేనే పేరు పెట్టాను.

మరి కొండ ఊళ్ళు తిరిగి జనం రక్తపు చుక్కలు తీసుకురావలసిన ఉద్యోగం ఏమైందంటారా? అది టూర్ డైరీలో జరిగేది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం టీ కొట్టు బల్ల మీద కూర్చుని పోయిన నెల పేజీ ముందు పెట్టుకుని, తేదీలు మార్చి రాసేవాణ్ణి. పైఆఫీసరు చదవకుండా సంతకం పెట్టేవాడు. పాపం, ఆయన డైరీ ఆయన రాసుకోవాలి కదా. పేజీ నిండకపోతే మా అటెండరు పల్లాల బొజ్జిరెడ్డిని అడిగేవాణ్ణి. అతను ఆ కొండల మనిషి. ఒకసారి అలాగే ఇంకో ఊరి పేరు చెప్పవయ్యా అంటే, కాసేపు నా మొహంలోకి చూసి, "తాడిపుట్ట రాసుకోండి సార్" అన్నాడు. మ్యాపులో అలాంటి ఊరు లేదు. నోటికొచ్చింది చెప్పాడనుకుని రాసుకున్నాను. తాడిపుట్ట, ఇళ్ళు ఇరవై రెండు, జ్వరాలు లేవు. ఎనిమిదేళ్ళపాటు పదిహేను రోజులకోసారి తాడిపుట్టలో జ్వరాలు లేవు. లేని ఊళ్ళో జ్వరాలెందుకుంటాయని నా ధీమా.

ఆ తర్వాత నాకు బదిలీ అయింది, బండి వేలానికి పోయింది. మూడేళ్ళ కిందట కడియం దగ్గర ఒక ఇటుకబట్టీలో మళ్ళీ కనబడింది. దాని హ్యాండిలు మీద రెండు కోళ్ళు కూర్చున్నాయి. నంబరు చూసి పోల్చుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, అక్కడే నిలబడి ఏడ్చాను. ఉద్యోగం చేసిన రోజుల్లో దాన్ని చూసి ఒక్కనాడూ కళ్ళు చెమర్చింది లేదు.

మా మెకానిక్కు నాగూర్ బాషాకి నాకంటే రెండేళ్ళు ఎక్కువ. బండి మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచాడు. ట్యాంకులో తుప్పు వదలడానికి చింతపండు నీళ్ళూ గులకరాళ్ళూ పోసి వారం రోజులు ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఊపాం. పిస్టను రింగుల కోసం కోయంబత్తూరు దాకా ఉత్తరాలు రాశాం. ముందు ఫోర్కులకి వేసే నూనె మద్రాసునుంచి తెప్పించినప్పుడు మా ఆవిడ సీతారత్నం ఒక మాట అంది. "నా మోకాళ్ళకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే ఆటో మాట్లాడుకోమన్నారు. దాని మోకాళ్ళకి మాత్రం పై ఊరునుంచి నూనె తెప్పించారు." నేను నూనె డబ్బా పట్టుకుని బాషా దగ్గరికి బయల్దేరాను.

రెండేళ్ళకి బండి మూడో కిక్కుకి అందుకుంది. నీలం పొగ వీధంతా కమ్మేసింది. నాకు మళ్ళీ పాతికేళ్ళ ప్రాయం వచ్చినట్టయింది. బండికి రంగు వేస్తూ వేస్తూ నా జ్ఞాపకాలకి కూడా నాలుగు పూతలు వేసుకున్నాను. పిక్క మీద మచ్చ చూపించి, వరదలో వాగు దాటుతుంటే కాలిందని చెప్పేవాణ్ణి. గడ్డాలవాళ్ళు ఇడ్లీ నోటి దగ్గర ఆపి వినేవారు.

అలా సుఖంగా ఉండగా ఆ ఉత్తర్వు వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన ప్రతి వాహనమూ నుగ్గుయంత్రంలో వేయబడును. అయితే "వారసత్వ వాహనము"గా గుర్తింపు పొందినవి మాత్రము మినహాయించబడును. గుర్తించడానికి జిల్లాకో సంఘం వేశారు. మా సంఘానికి సభ్య కార్యదర్శి చిర్రావూరి దక్షిణామూర్తి గారు. చాలాకాలం పాత కాగితాల భాండాగారంలో పనిచేసిన మనిషి. చెమట పట్టినా రుమాలు మడత విప్పకుండా తుడుచుకుంటారు.

గుర్తింపులో రెండు తరగతులున్నాయి. ఊరికే పాతబండి అయితే రెండో తరగతి, ఒక కాగితం ఇస్తారు. చరిత్ర ఉన్న బండి అయితే మొదటి తరగతి, ఇత్తడి ఫలకం ఇస్తారు. నాగూర్ బాషా నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "కాయితం చాలండి ఇన్‌స్పెక్టరు గారూ. బండి బతికితే చాలదేటండి. మనకెందుకండీ ఆ ఇత్తడి." నేను వినలేదు. మండలిలో అందరికంటే ముందు ఫలకం నాకే రావాలనిపించింది. అటక మీంచి ఎనిమిదేళ్ళ టూర్ డైరీలు దింపి, దుమ్ము దులిపి, నా చేతులతో నేనే తీసుకెళ్ళి దక్షిణామూర్తి గారి బల్ల మీద పెట్టాను.

ఆయన పది రోజులు చదివారు. నా డైరీలని మొదట్నుంచి చివరిదాకా చదివిన మొట్టమొదటి మనిషి ఆయనే. పదకొండో రోజు నన్ను పిలిచి, లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "పేర్రాజు గారూ, ఎనభై నాలుగు ఆగస్టు పదిహేడున, భారీ వర్షంలో, ఒక్క రోజులో పదకొండు గ్రామాలు. తొంభై నాలుగు రక్తపు నమూనాలు. సాయంత్రం అయిదుకి తిరుగు ప్రయాణం. ఈ దేశంలో ఇట్టి వాహనము మరొకటి ఉన్నదా అని సంఘము విస్మయము చెందినది" అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

ఆ రోజు భారీ వర్షం మాత్రం నిజం. ఆ వర్షం వల్లే టీ కొట్టులోంచి కదల్లేక, నాలుగు ఊళ్ళు రాయాల్సినవాణ్ణి పదకొండు రాశాను.

తర్వాతి వారం ఉత్తరం వచ్చింది. "నియమావళిలోని ఏడవ నియమము ననుసరించి, మొదటి తరగతి వారసత్వ వాహనము తన జీవితకాలములో ఏ సేవ చేసినట్లు రికార్డు కలదో, ఆ సేవను తనిఖీ సమయమున తిరిగి చేసి చూపవలెను. విఫలమైనచో రికార్డు గాని వాహనము గాని అసత్యమని భావించి, వాహనము నుగ్గు చేయుటకు పంపబడును. రికార్డును నుగ్గు చేయుటకు నియమములలో అవకాశము లేదు."

పరుగెత్తుకెళ్ళి, రెండో తరగతి చాలు బాబూ అన్నాను. ఒకసారి మొదటి తరగతికి యోగ్యమని ఫైలులో రాశాక దించడానికి వీల్లేదన్నారు. పోనీ నా వయసు చూడండి, ఎవరైనా కుర్రాడు నడుపుతాడు అన్నాను. రికార్డులో "స్వయముగా నడిపి" అని ఉందని నా అక్షరాలే నాకు చూపించారు. డాక్టరు నాకు బి.పి. ఉందని రాసిచ్చిన కాగితం పట్టుకెళ్తే, ఎనభై నాలుగులో మీకు బి.పి. లేదు కనక ఆ సంగతి విచారణకి రాదన్నారు. కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడాను. నిజం చెప్పేస్తే బండి తునకలవుతుంది, పైగా ఆదివారం ఇడ్లీ దగ్గర మొహం చూపించలేను. చెప్పకపోతే పదకొండు ఊళ్ళు తిరగాలి. అందులో పది ఊళ్ళకి దారి తెలీదు. పదకొండోది అసలు లేదు.

దక్షిణామూర్తి గారు ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. డైరీలో భారీ వర్షం అని ఉంది కనక, వాతావరణ శాఖ భారీ అని ధ్రువీకరించేదాకా తనిఖీ మూడుసార్లు వాయిదా వేశారు. ఇంకో చిక్కు వచ్చింది. డైరీలో "మోకాలి లోతు బురద" అని రాసిన దారిలో ఒకటిన్నర కిలోమీటరు ఇప్పుడు తారు రోడ్డయింది. ఆ రోడ్డు కోసం అక్కడి జనం ముప్ఫై ఏళ్ళు అర్జీలు పెట్టుకున్నారట. సంఘం ఒక్క తీర్మానంతో దాని మీద ట్రాక్టర్లతో బురద పోయించింది. లోతు మోకాలి దాకా వచ్చిందో లేదో కొలవడానికి నా మోకాలే కావాలన్నారు. వెళ్ళి నిలబడ్డాను. అటుగా కూరగాయల బుట్టతో వచ్చిన ఒకావిడ, ఏం జరుగుతోందని అడిగింది. బురద ఎందుకు పోశారో ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

సెప్టెంబరులో ఒక గురువారం వర్షం నిజంగానే భారీగా పడింది. పొద్దున్న ఆరింటికి కొత్తపాకల్లో బయల్దేరాం. ముందు మేకపోతు మీద నేను, వెనక జీపులో దక్షిణామూర్తి గారు, నాగూర్ బాషా. జీపు డ్రైవరు ఆ ప్రాంతంవాడే, మలుపు వచ్చినప్పుడల్లా వెనకనుంచి కేకేసి నాకు దారి చెప్పాడు. మొదటి ఊరికి చేరేసరికి రెండుసార్లు పడ్డాను. మూడో ఊరి దగ్గర వాగులో బండి ఆగిపోతే బాషా ప్లగ్గు విప్పి తన లుంగీతో తుడిచి మళ్ళీ బిగించాడు. కానీ ఒక సంగతి చెప్పాలి. అయిదో ఊరు దాటాక, ఎర్రమట్టి గట్టు నిట్టనిలువుగా వస్తే, రెండో గేరులో వేసి కళ్ళు మూసుకున్నాను. బండి ఎక్కేసింది. నన్ను కూడా తీసుకుని ఎక్కేసింది. నలభై ఏళ్ళ కిందటే ఇది ఎక్కగలదని నాకు తెలీనే లేదు. ఎక్కనిది నేను. ఆనందమూ సిగ్గూ రెండూ ఒకేసారి కలిగాయి.

మధ్యాహ్నం మూడయ్యేసరికి పదో ఊరు అయింది. దక్షిణామూర్తి గారు ప్రతి ఊళ్ళోనూ గొడుగు కింద నిలబడి టిక్కు పెట్టుకున్నారు. "ఇక తాడిపుట్ట" అన్నారు. నేను బండి ఆపి దిగాను. ఒళ్ళంతా బురద. ఇక లాభం లేదు, చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. నోరు తెరిచేలోపు జీపు డ్రైవరు చెయ్యి ఎత్తి చూపించాడు.

"తాడిపుట్టా అండీ? అదిగోనండి, ఆ గట్టు వెనకాల. జీపు ఎల్లదండి. ఎప్పుడూ ఎల్లలేదండి."

మళ్ళీ బండెక్కాను.

దారి కాదది, వాన నీళ్ళు కోసిన గాడి. అరగంట పట్టింది. పైన తాటాకు ఇళ్ళు. ఎందుకో ముందు లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలామె చీపురు కడుతోంది. బండి చప్పుడుకి ఎవరూ పరుగెత్తుకు రాలేదు, తలుపుల్లోంచి చూశారంతే. ఎవరు నువ్వని ఆమె అడిగితే, మలేరియా ఆఫీసువాణ్ణి, పేర్రాజునన్నాను. ఆ పేరు ఆమెకి తెలుసు.

"మా బొజ్జిరెడ్డి చెప్పేవోడు. నా తమ్ముడు. మన ఊరు పేరు సారు కాయితంలో ఎక్కించేనప్పా, ఎక్కితే ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు అనేవోడు."

ఎప్పుడైనా ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఎవరూ రాలేదంది. ఆ ఎనభై నాలుగులో వానాకాలం ఎలా ఉందని కూడా అడిగాను. ఆమెకి సంవత్సరాలు తెలియవు. బొజ్జిరెడ్డి మేనకోడలు పోయిన వానాకాలం అంటే తెలుసు. ఆ ఒక్క వానాకాలంలో చలిజ్వరంతో ఏడుగురు పోయారట. వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పింది. మేనకోడలు అంటే ఈమె కూతురే. బొజ్జిరెడ్డి ఆ ఏడు రెండు రోజులు సెలవు అడిగితే, వానల్లో సెలవేమిటని నేను కసిరిన మాట గుర్తొచ్చింది. నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా అక్కడ ఎవరూ దొరకలేదు. ఆమె నన్ను తిట్టలేదు. కూర్చోమని చాప వేసింది.

కిందికి దిగి జీపు దగ్గర అంతా చెప్పేశాను. టీ కొట్టు దగ్గర్నుంచి ఏడు పేర్ల దాకా. బాషా తల దించుకుని స్పానరు తుడుస్తూ నిలబడ్డాడు. దక్షిణామూర్తి గారు ఓపికగా విన్నారు.

"పేర్రాజు గారూ, మీరు అలసిపోయారు. ఎనభై నాలుగు ఆగస్టు పదిహేడున మీరు తాడిపుట్ట వెళ్ళినట్టు రికార్డు ఉంది, పైఅధికారి సంతకం ఉంది. వెళ్ళలేదని మీరంటున్నది మౌఖికం. అది చెల్లదు."

"అక్కడ జ్వరాలు లేవని రాశానండి. ఏడుగురు చచ్చిపోయారండి."

"అది ఆరోగ్య శాఖ పరిధి. మనది వాహనములు." రుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒకటే చిక్కు. ఈరోజు మీరు పైకి వెళ్ళినట్టు మాత్రం ఆధారం లేదు. జీపు రాలేదు కనక నేను చూడలేదు. అయినా పాత సందర్శనలు నూట తొంభై రెండు ఉన్నాయి కాబట్టి, సంఘము దీనిని ఉదారముగా ఉపేక్షించును."

వెళ్ళని నూట తొంభై రెండు టూర్లూ నిలబడ్డాయి. వెళ్ళిన ఒక్కటీ కొట్టుకుపోయింది. వారం తిరక్కుండా ఇత్తడి ఫలకం వచ్చింది.

ఫలకంతో పాటు షరతుల కాగితం ఒకటి వచ్చింది. వారసత్వ వాహనమును నీడపట్టున ఉంచవలెను, ఏ పనికీ వినియోగించరాదు, వినియోగించినచో గుర్తింపు రద్దగును, వాహనము నుగ్గు చేయబడును. ఆ కాగితం మూడుసార్లు చదివాను. తాడిపుట్ట ఆశా కార్యకర్త కత్తుల రామలక్ష్మి ఆ రోజు నేను గట్టు దిగబోతుంటే ఎదురొచ్చి అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. జ్వరం వచ్చినవాళ్ళ రక్తపు చుక్క పట్టుకుని ఆసుపత్రికి నడిచి వెళ్ళి మందుతో తిరిగొచ్చేసరికి రెండు రోజులు పడుతోందట. ఆదివారం మండలిలో ఆగస్టు పదిహేడు కథ చెప్పమన్నారు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇడ్లీలు చల్లారిపోయాయి. ఎవరూ ఫోటో తియ్యలేదు.

సోమవారం బండి తీసుకుని తాడిపుట్ట వెళ్ళాను. రామలక్ష్మికి నడపడం నేర్పుదామని నాలుగు రోజులుందామనుకున్నాను. రెండో రోజుకే ఎర్రమట్టి గట్టు ఎక్కించి దింపేసింది. నేను ఎనిమిదేళ్ళలో చెయ్యలేని పని అది. బండి అక్కడే వదిలేసి, ఫలకం విప్పి జేబులో వేసుకుని, బస్సులో ఇంటికి వచ్చాను. మా ఆవిడ నా కాళ్ళకేసి చూసి, వేడినీళ్ళు పెట్టింది. మర్నాడు ఆవిణ్ణి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, ఆటోలోనే అనుకోండి.

సంగతి ఎలాగో సంఘానికి తెలిసింది. గుర్తింపు రద్దు చేస్తున్నట్టూ, వాహనం ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి స్వాధీనం చేసుకుని నుగ్గు చేయడానికి ఒక తనిఖీ అధికారిని నియమించినట్టూ ఉత్తరం వచ్చింది. బాషాని వెంటబెట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాను. అప్పటికే ఆలస్యమైందని దక్షిణామూర్తి గారు విచారంగా ఫైలు తిప్పి చూపించారు. అందులో ఆ అధికారి టూర్ డైరీ ఉంది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతల్లేవు. శుక్రవారం నాటి తేదీ.

"భారీ వర్షమును లెక్కచేయక తాడిపుట్ట గ్రామమునకు స్వయముగా వెళ్ళి, సదరు వాహనమును స్వాధీనపరచుకొని, నుగ్గు చేయించి, సాయంత్రము అయిదు గంటలకు తిరిగి వచ్చితిని."

ఆ శుక్రవారం ఒక్క చినుకైనా పడలేదు. కింద పైఅధికారి సంతకం ఉంది. దక్షిణామూర్తి గారు నా భుజం మీద చెయ్యి వేసి, బండి పోయినందుకు తన ప్రగాఢ సానుభూతి తెలియజేశారు. నేను కళ్ళు తుడుచుకుని, ఆ పేజీ నకలు ఒకటి ఇప్పించమని అడిగాను.